చెరువు గట్టా? టీ కొట్టా?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది శ్రీకాకుళం జిల్లాలో శాలిహుండానికి దగ్గరలోని పల్లెటూరు. విశాఖపట్నంలో బీఏ పూర్తిచేశాను. సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ స్కోరుతో ఎంఏ చరిత్రకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, ఢిల్లీ జేఎన్‌యూలోనూ సీటు వచ్చింది. మా లెక్చరర్లు కళ్లు మూసుకుని జేఎన్‌యూలో చేరమంటున్నారు. ఎటూ తేల్చుకోలేక అన్నయ్యను వెంటబెట్టుకుని జూన్‌లో రెండు చోట్లకూ వెళ్లి చూసివచ్చాను. హైదరాబాద్‌లో మేము వెళ్లిన రోజు జల్లు పడి ఆగింది. బండరాళ్ల మధ్య చెరువు గట్టున కాసేపు కూర్చుంటే మనసు కుదుటపడి, ఇక్కడే చదవాలనిపించింది. ఢిల్లీలో ఆటో దిగేసరికే వడగాలి కొట్టింది. ఎర్ర ఇటుకల కట్టడాలు, గోడల మీద రాతలు, ఎటు విన్నా హిందీ. బెదిరిపోయాను. నీడ కోసం ఒక టీ కొట్టు దగ్గర ఆగితే, అక్కడ కూర్చున్న ఒక పరిశోధక విద్యార్థిని మాది ఏ ఊరని అడిగింది. శాలిహుండం పేరు వినగానే అక్కడి స్తూపాల గురించి మొదలుపెట్టింది. కళింగపట్నం రేవు ఉండబట్టే ఆ కొండ మీద ఆరామం వెలిసిందని ఆమె అంది. వంశధార దారి అప్పుడు ఇప్పటిలాగే ఉందని ఏమిటి నమ్మకమని నేను అడిగాను. పక్క బెంచీ మీది బెంగాలీ అబ్బాయి మా ఇద్దరి వాదనలోనూ పస లేదంటూ బెంగాల్ వైపు ప్రాచీన రేవు తామ్రలిప్తి గురించి ఎత్తుకున్నాడు. రైలుకు వేళయిందని అన్నయ్య రెండుసార్లు పిలిస్తే గానీ లేవలేదు. ఏమైనా ఆ వాతావరణం నాకు పడదనిపించింది. నాన్నగారు కూడా దగ్గర్లో ఉంటేనే మేలంటున్నారు. క్యాంపస్ నచ్చలేదన్న కారణంతో అంత పేరున్న యూనివర్సిటీని వదులుకోవడం తెలివితక్కువతనమా?

— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తెలివితక్కువతనం ఏమీ కాదు. ఎంఏలో క్లాసులు రోజుకు కొద్ది గంటలే ఉంటాయి. మిగిలిన కాలమంతా హాస్టల్ గదిలో, మెస్సులో, లైబ్రరీలో, వాటి మధ్య నడిచే దారుల్లో గడుస్తుంది. జాతీయ ర్యాంకుల్లో జేఎన్‌యూ పైన ఉంటుందన్న మాట నిజమే అయినా, ఈ రెండింటిలో ఎక్కడ తీసుకున్న పట్టాకైనా గౌరవం ఉంది కనుక, ఆ తేడా ఒక్కటే చూసి రెండేళ్ల జీవితాన్ని తేల్చేయనక్కరలేదు. క్యాంపస్ మీకు పడుతుందా లేదా అన్నది అడగవలసిన ప్రశ్నే. అయితే మీకు నచ్చినదేమిటో, నచ్చనిదేమిటో మీ లేఖలో కలగాపులగంగా ఉన్నాయి. ముందు వాటిని విడదీయాలి.

మీరు వెళ్లింది జూన్‌లో. సెలవుల్లో చూస్తే యూనివర్సిటీ కనిపించదు, అది ఉన్న స్థలం కనిపిస్తుంది. ఢిల్లీలో జూన్ ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. అప్పుడు ఏ క్యాంపస్ అయినా బెదరగొడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అదే జేఎన్‌యూ దారుల వెంట కాగితం పూలు విరగబూసి ఉంటాయి, మధ్యాహ్నం పచ్చిక మీద కూర్చుని చదువుకోవచ్చు. ఆ మాటకొస్తే నవంబరు పొగ గురించీ, జనవరి చలి గురించీ ఎవరూ మీకు చెప్పి ఉండరు. ఉత్తరాంధ్ర తీరంలో పెరిగిన వారికి వడగాలికన్నా ఆ రెండే కష్టం. స్వెట్టరు సరిపోదు, రగ్గు కావాలి. హైదరాబాద్‌లో మీకు దొరికిన తొలకరి జల్లు కూడా అలాంటి అదృష్టమే. అదే చెరువు గట్టుకు ఏప్రిల్ మధ్యాహ్నం వెళ్లి ఉంటే ఈ లేఖ మరోలా ఉండేది.

ఇక ఆ రెండు చోట్ల గురించి. చరిత్ర చదవబోతున్నారు కాబట్టి హైదరాబాద్ యూనివర్సిటీ పుట్టుకతోనే మొదలుపెడతాను. 1969 నాటి తెలంగాణ ఉద్యమం, 1972 నాటి జై ఆంధ్ర ఉద్యమం తరువాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకంలో ఒక అంశంగా 1974లో ఏర్పడిన సంస్థ అది. మొదట్లో అబిడ్స్‌లో సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచి, తరువాత గచ్చిబౌలికి తరలింది. దానికి కేటాయించిన భూమి సుమారు 2,300 ఎకరాలు. అప్పట్లో అది ఊరి వెలుపలి రాళ్ల గుట్టలు. ఇప్పుడు ప్రహరీ దాటితే ఐటీ కంపెనీల అద్దాల మేడలు. లోపల మాత్రం ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గ్రానైటు బండలు, బఫెలో లేక్, పీకాక్ లేక్, నెమళ్లు, జింకలు. సైకిలు లేకపోతే కాళ్లు నొప్పులు పుట్టేంత దూరాలు. సాయంత్రమైతే జనం చేరేది షాప్‌కాం అని అందరూ పిలిచే దుకాణాల సముదాయం దగ్గర. మీరు గట్టున కూర్చున్నారు గానీ షాప్‌కాంలో కూర్చున్నట్టు రాయలేదు. అక్కడ కేరళ, ఒడిశా, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు కలుస్తారు. వాళ్ల మధ్య ఎలా ఉంటుందో తెలియకుండా ఆ క్యాంపస్ మీకు నచ్చిందని చెప్పడం కష్టం.

చెరువు గట్టు చూసి ఆ క్యాంపస్ ఎప్పుడూ ప్రశాంతంగా ఉంటుందని మీరు అనుకుంటే, ఆ అభిప్రాయాన్ని కూడా కొంచెం సవరించుకోవాలి. 2025 మార్చి చివర్లో, యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో యంత్రాలతో చెట్లు తొలగించడం మొదలైనప్పుడు ఆందోళనకు దిగినది ఆ హాస్టళ్ల విద్యార్థులే. భూమి తమదని రాష్ట్ర ప్రభుత్వం, అడవిని కాపాడాలని విద్యార్థులు వాదించుకుంటూ ఉండగా ఏప్రిల్ మొదటి వారంలో సుప్రీంకోర్టు ఆ పనులను ఆపించింది. అక్కడా విద్యార్థి సంఘానికి ఎన్నికలు జరుగుతాయి, అక్కడా నినాదాలు వినిపిస్తాయి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా అటువంటి ఎన్నికలు లేవు కనుక గోడ మీద రాత కనిపిస్తే మనవాళ్లు గొడవ అనుకుంటారు. రెండు చోట్లా మీకు అది అలవాటు కావలసిందే.

జేఎన్‌యూ మొదలైంది 1969లో. ఆరావళి కొండల చివరి అంచున, సుమారు వెయ్యి ఎకరాల్లో ఉంది. హాస్టళ్లకు నదుల పేర్లు: గంగ, సబర్మతి, గోదావరి, కావేరి, పెరియార్, లోహిత్. సబర్మతి, తాప్తి వంటి కొన్నింటిలో అబ్బాయిల వింగ్, అమ్మాయిల వింగ్ వేరుగా ఉంటాయి, మెస్సు మాత్రం ఒక్కటే. నాన్నగారికి ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, తరువాత తెలిస్తే అనవసరమైన రాద్ధాంతం. భోజనాలయ్యాక గంగా ధాబా వంటి చోట్ల జనం పోగై అర్ధరాత్రి దాకా మాట్లాడుకుంటారు. విద్యార్థి సంఘ ఎన్నికలను విద్యార్థులే ఏర్పాటు చేసుకున్న ఎన్నికల కమిషన్ నడుపుతుంది. పోలింగుకు ముందు అధ్యక్ష పదవికి నిలబడినవాళ్లంతా ఒకే వేదిక ఎక్కి ప్రసంగించి, ఒకరి ప్రశ్నలకు ఒకరు జవాబులు చెప్పుకునే రాత్రి ఒకటి ఉంటుంది. ఏ పక్షం వైపూ మొగ్గని విద్యార్థులు కూడా దాన్ని వినడానికి వస్తారు. మీరు చేరబోయే చరిత్ర అధ్యయన కేంద్రం సర్వేపల్లి గోపాల్, రొమిలా థాపర్, బిపిన్ చంద్ర, సతీశ్ చంద్ర వంటి చరిత్రకారులు నిలబెట్టినది. ఎంఏలో ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక విభాగాల్లో ఒకదాన్ని ఎంచుకుని చదవవచ్చు. విద్యార్థి చేత వ్యాసాలు రాయించి, ఎదుట కూర్చోబెట్టి వాటి మీద ప్రశ్నించే ట్యుటోరియల్ పద్ధతి అక్కడి చదువుకు ఆయువుపట్టు.

ఇప్పుడు మీ లేఖను మీరే మరోసారి చదవండి. నచ్చిందన్న చెరువు గట్టుకు ఒకటి రెండు వాక్యాలు ఇచ్చారు. నచ్చలేదన్న చోట, ఎండలో, బెంచీ మీద జరిగిన మాటలను ఎవరు ఏమన్నారో వరసగా గుర్తుపెట్టుకుని రాశారు. ముక్కూ మొహం తెలియని మనుషులు మీ ఊరి కొండ గురించి మీకన్నా ఎక్కువ తెలిసినట్టు మాట్లాడితే మీరు తలూపి ఊరుకోలేదు; నది దారి మార్చుకుని ఉండవచ్చు కదా అని ఎదురు ప్రశ్న వేశారు. చరిత్ర విద్యార్థి వేయవలసిన ప్రశ్న అది. అన్నయ్య పిలిచినా లేవలేదు. గట్టు మీద దొరికినది విశ్రాంతి. బీఏ పరీక్షలు, ప్రవేశ పరీక్ష, ప్రయాణాలు అన్నీ అయ్యాక ఎవరికైనా అది హాయిగానే ఉంటుంది, కానీ ఆ హాయికి ఎక్కువ రోజుల ఆయుష్షు ఉండదు. క్లాసులు మొదలై నెల గడిస్తే చెరువు ఏ ఆదివారమో గుర్తొస్తుంది. బెదురు కూడా అంతే, నెల తిరగకుండా పోతుంది. మీరు వాతావరణం అంటున్నది ఆకులనూ గోడలనూ చూసి. నేను అంటున్నది సాయంత్రం ఏడు దాటాక మీ పక్కన ఎవరు కూర్చుంటారు, వాళ్లు మీ చేత ఏం మాట్లాడిస్తారు అన్నది చూసి.

అయితే ఆ టీ కొట్టు చూసి మురిసిపోయి రైలెక్కమని అనడం లేదు. మూడు సంగతులు ముందే తెలియాలి. అన్నిటికన్నా పెద్దది భాష. జేఎన్‌యూలో పాఠం ఇంగ్లిషులో ఉంటుంది గానీ ధాబా దగ్గర వాదన సగం పైగా హిందీలో సాగుతుంది, జోకులు పూర్తిగా హిందీలో. మొదటి సెమిస్టరులో మీరు వినేవారే అవుతారు. దానివల్ల నేను వెనకబడ్డానని కుంగిపోయే దక్షిణాది పిల్లలు కొందరుంటారు. హైదరాబాద్‌లో ఈ ఇబ్బంది లేదు. అక్కడి ప్రమాదం వేరు. తెలుగువాళ్లంతా ఒక బల్ల చుట్టూ చేరి, రెండేళ్లూ ఆ బల్ల దగ్గరే గడిపేసి, పక్క రాష్ట్రం పిల్లల పేర్లయినా తెలుసుకోకుండా బయటికి రావచ్చు.

రెండోది గది. జేఎన్‌యూలో చేరిన వెంటనే హాస్టల్ గది చేతికొస్తుందని లెక్కవేసుకోకండి. కేటాయింపు జాబితాలు రావడానికి వారాలు పట్టవచ్చు, అంతవరకు పక్కనున్న మునీర్కాలోనో మరోచోటో అద్దెకు ఉండవలసి వస్తుంది; ఢిల్లీ అద్దె, అడ్వాన్సు, బయటి తిండి మీ ఇంటికి భారమవుతాయా కాదా అన్నది మీకే తెలియాలి. హైదరాబాద్‌లోనూ హాస్టల్ ఖాళీలను బట్టే ఇస్తారు గనుక రెండు కార్యాలయాలకూ ఫోన్ చేసి, ఎంఏ మొదటి సంవత్సరం అమ్మాయిలకు కిందటేడాది కేటాయింపు ఏ నెలలో జరిగిందో సూటిగా అడగండి. త్వరలో ఇస్తారు అన్న జవాబును జవాబుగా తీసుకోవద్దు. తిండి గురించి పెద్దగా చెప్పను. రాజ్మా, చోలే, రొట్టెలు అలవాటవుతాయి. మరీ నోరు చప్పబడితే అశోకా రోడ్డులో ఏపీ భవన్ క్యాంటీన్ ఉంది, ఆదివారం వరసలో నిలబడే ఓపిక ఉండాలి.

మూడోది ఎవరూ క్యాంపస్ లెక్కలో వేయరు గానీ మీ విషయంలో వేయాలి. చరిత్ర విద్యార్థికి పాత పత్రాలున్న చోటు కూడా క్యాంపస్సే. ఢిల్లీలో జనపథ్ మీద జాతీయ అభిలేఖాగారం, పక్కనే నేషనల్ మ్యూజియం, తీన్‌మూర్తిలో గ్రంథాలయం. మునీర్కా స్టేషన్‌లో మెట్రో ఎక్కి హౌజ్‌ఖాస్‌లో మారితే మధ్యాహ్నం క్లాసు అయ్యాక కూడా వెళ్లిరావచ్చు. హైదరాబాద్‌లో రాష్ట్ర ఆర్కైవ్స్ తార్నాకలో, అంటే నగరానికి అటు చివర; రాయదుర్గం నుంచి తార్నాకకు నేరుగా మెట్రో ఉన్నా, గచ్చిబౌలి నుంచి రాయదుర్గం చేరడమే సగం పని. కానీ అక్కడున్నది నిజాం కాలపు దఫ్తరాల ఖజానా, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నది రాతప్రతుల ఖజానా. మీరు దక్కన్ మధ్యయుగం వైపు వెళ్లేట్టయితే హైదరాబాద్‌కు సాటి లేదు. అలోకా పరాశర్ సేన్ వంటి చరిత్రకారులు దక్కన్ ప్రాచీన చరిత్రపై అక్కడే ఏళ్ల తరబడి పనిచేశారు. మీ మనసు తూర్పు తీరం, బౌద్ధ ఆరామాలు, రేవుల మీద ఉన్నట్టుంది. ఆ పనికి తవ్వకాల నివేదికలు, శాసన సంపుటాలు, వాటి మీద తర్కించే మనుషులు కావాలి. ఢిల్లీలో ఈ మూడూ ఒకచోట దొరుకుతాయి.

కాబట్టి నన్నడిగితే నేను జేఎన్‌యూ వైపే మొగ్గుతాను. మీ లెక్చరర్లు చెప్పిన కారణంతో మాత్రం కాదు. గది దొరికేదాకా అద్దె భరించడం ఇంట్లో కష్టమైతే హైదరాబాద్‌లో చేరండి, అందులో చిన్నతనం లేదు; అక్కడ ఎంఏ చేసి పీహెచ్‌డీకి ఢిల్లీ వెళ్లినవాళ్లూ, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ పక్షంలో మొదటి నెలలోనే తెలుగు బల్ల వదిలి వేరే బల్ల దగ్గర కూర్చోండి.

నాన్నగారితో దూరం గురించి వాదించవద్దు. విశాఖ నుంచి ఢిల్లీకి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనైనా సమతాలోనైనా దాదాపు ఒకటిన్నర రోజు పడుతుంది, సికింద్రాబాద్‌కు సాయంత్రం ఎక్కితే మర్నాడు ఉదయానికి దిగుతారు. ఆయన దిగులు నిజమైనదే. వీలైతే చేరే రోజున ఆయననే వెంట తీసుకెళ్లి, అమ్మాయిల హాస్టల్ వార్డెన్‌తో ఆయన చేతే మాట్లాడించండి. అన్నయ్య చెప్పిన ఢిల్లీకన్నా ఆయన కళ్లారా చూసిన ఢిల్లీ తక్కువ భయపెడుతుంది.

గడువు దగ్గర పడితే ఒకచోట రుసుము కట్టి సీటు నిలుపుకోండి. తరువాత వదులుకున్నా విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ ఏటా ప్రకటించే తేదీ లోపలైతే కట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లను పరిశీలించి ఇచ్చేయాలే తప్ప సంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పింది. టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ల సంగతి వేరు. అవి ఇచ్చే ముందు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ప్రశ్న: మా అబ్బాయికి జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వచ్చింది. మద్రాసు, బొంబాయి ఐఐటీల్లో తను కోరుకునే బ్రాంచి రెండింటిలోనూ దొరికేలా ఉంది. యూట్యూబ్‌లో వీడియోలు చూసి, పవయ్ చెరువు పక్కన హాస్టల్ బాగుందని బొంబాయిని ముందు పెడతానంటున్నాడు. రెండు ఊళ్లకూ తీసుకెళ్లి చూపించే వెసులుబాటు మాకు లేదు. వీడియో చూసి తేల్చుకోవడం సరైనదేనా?

— ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: ఆ వీడియోల్లో ఎక్కువ భాగం మూడ్ ఇండిగో, సారంగ్ వంటి ఉత్సవాల రోజుల్లో తీసినవో, కొత్తవాళ్లను ఊరించడానికి తీసినవో అయి ఉంటాయి. మీవాణ్ని అదే బ్రాంచిలో రెండో సంవత్సరం చదువుతున్న మన ప్రాంతపు విద్యార్థిని ఒక్కొక్క చోట ఒకరినైనా వెతికి పట్టుకొమ్మనండి. కోచింగ్ సెంటర్ సీనియర్ల ద్వారా దొరకడం కష్టమేమీ కాదు. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. నిన్న రాత్రి భోజనం అయ్యాక ఏం చేశావు, గదిలో ఎంతమంది, క్లాసుకు ఎలా వెళ్లావు, కిందటి నెలలో క్యాంపస్ దాటి ఎన్నిసార్లు వెళ్లావు అని అడగాలి. ఒకసారి వీడియో కాల్‌లో మెస్సు నుంచి గది దాకా ఫోన్ చేత్తో పట్టుకుని నడవమని బతిమాలితే ఉత్సవం లేని క్యాంపస్ కనిపిస్తుంది.

మద్రాసు ఐఐటీ గిండీ అడవిలోంచి తీసిన 600 ఎకరాల పైచిలుకు స్థలంలో, మర్రిచెట్ల కింద, చుక్కల జింకల మధ్య ఉంటుంది. కిటికీ తెరిచి పెడితే కోతులు గదిలోకి దూరతాయి, ఉక్కపోత ఏడాదిలో చాలా భాగం ఉంటుంది. విద్యార్థుల మోటారు బండ్లకు అనుమతి లేదు, సైకిళ్లూ క్యాంపస్ బస్సులే దిక్కు. పవయ్‌లో చెరువు అందమైనదే గానీ, జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానకు బట్టలు ఆరవు. నిజామాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మారకుండా ముంబైలో దిగవచ్చు. చెన్నైకి సాధారణంగా సికింద్రాబాద్‌లోనో కాచిగూడలోనో రైలు మారాలి. సెలవులకు ఇంటికి రావడానికి ఇది చిన్న సంగతేమీ కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఐచ్ఛికాల వరస. ఐఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో రెండు సీట్లూ చేతిలో పెట్టి ఎంచుకోమనరు. ర్యాంకుకు అందే వాటిలో జాబితాలో ఏది పైన ఉంటే అదే ఇస్తారు. ఫ్లోట్, అంటే వచ్చిన సీటు ఉంచుకుని పై ఐచ్ఛికం కోసం ఎదురుచూసే పద్ధతి, పెట్టుకున్నప్పుడు పైనున్నది దొరికితే కిందిది దానంతటదే రద్దవుతుంది, తిరిగి కావాలన్నా రాదు. లాక్ చేసేలోపే సీనియర్లతో ఆ మాటలు పూర్తి కావాలి. అన్నీ విన్నాక కూడా పవయే కావాలంటే పెట్టుకోనివ్వండి. నాలుగేళ్లు ఉండవలసినది అతడే.